కడలిలో కర్బనం జాడ

మానవజాతి బొగ్గును, చమురును, సహజవాయువును మండించడం వలన ఏటేటా వాతావరణంలోకి చేరే కర్బనం నేడు సుమారు వెయ్యి కోట్ల టన్నులు. ఇది బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడ్ రూపంలో గాలిలో కలుస్తుంది. చార్లెస్ డేవిడ్ కీలింగ్ అనే శాస్త్రజ్ఞుడు హవాయి ద్వీపంలోని మౌనా లోవా పర్వతం మీద 1958 మార్చిలో ఈ వాయువును కొలవడం ప్రారంభించిననాడు, గాలిలోని ప్రతి పది లక్షల అణువులలో దీని అణువులు సుమారు 315 ఉండేవి. 2024 నాటికి ఆ సంఖ్య 420 దాటింది. ఈ పెరుగుదల ఆందోళన కలిగించేదే. అయితే జమాఖర్చులు సరిచూసిన వారికి దీనికంటె వింతైన విషయం మరొకటి కనిపించింది. మానవుడు వదలిన కర్బనమంతా గాలిలోనే నిలిచి ఉంటే ఈ సంఖ్య ఇంకా చాలా ఎక్కువగా ఉండాలి. వదలినదానిలో దాదాపు సగం గాలిలో లేదు.

ఆ సగం దాగగల చోట్లు రెండే ఉన్నాయి. ఒకటి సముద్రం, రెండవది భూమిపైనున్న చెట్టూచేమా, వాటి కింది మట్టి. ఎక్కడికి పోతేనేమి, పోవడమే మేలు కదా అనిపించవచ్చు. కాని ఈ రెంటికీ ఎంతో తేడా ఉన్నది. అడవిలో చేరిన కర్బనం ఒక కరువుకో, కార్చిచ్చుకో, గొడ్డలి పెట్టుకో తిరిగి గాలిలోకి రాగలదు. సముద్రగర్భంలోకి దిగిన కర్బనం కొన్ని వందల ఏండ్లపాటు తిరిగి రాదు. అయితే అది నీటి ఆమ్లత్వాన్ని పెంచి, సున్నపు గుల్లలు కట్టుకునే ప్రాణులకు చేటు తెస్తుంది. పారిశ్రామిక యుగానికి ముందు సుమారు 8.2 ఉండిన సముద్రోపరితల పి.హెచ్. ఇప్పటికే 8.1 ప్రాంతానికి దిగింది. కనుక ఏ ఖాతాలో ఎంత జమ పడుతున్నదో తెలియనిదే రాబోయే కాలాన్ని గురించి ఏమి చెప్పినా ఊహే అవుతుంది.

సముద్రజలంలోని కర్బనాన్ని నేరుగా కొలిచి ఎంత పెరిగిందో చూస్తే సరిపోదా అన్న ప్రశ్న సహజం. కిలోగ్రాము సముద్రజలంలో కరిగియున్న అకర్బనిక కర్బనం సుమారు రెండువేల మైక్రోమోలులు. అందులో నూటికి తొంబది పాళ్ళు బైకార్బొనేటు, తొమ్మిది పది పాళ్ళు కార్బొనేటు. అసలు వాయురూపంలో కరిగియున్నది నూటికి ఒక పాలు మాత్రమే. మానవుని చేతలవలన ఉపరితలజలంలో ఏటా పెరుగుతున్నది ఒక మైక్రోమోలు ప్రాంతం. రెండువేలలో ఒకటి! ఋతువులు మారినప్పుడు వచ్చే హెచ్చుతగ్గులే దీనికి ఎన్నో రెట్లు ఉంటాయి. పైగా 1970 దశకంలో ఆ కొలతలలోని పొరపాటే పది పదిహేనేండ్ల పెరుగుదలను మింగివేయగలిగినంత ఉండేది. ధాన్యపు కొట్టులో ఎవరో రహస్యంగా దోసెడు గింజలు పోశారనుకుందాం. కొట్టును తూచి ఆ సంగతి పట్టుకోవడం కష్టం. కాని పోసిన గింజల రకం వేరైతే? అప్పుడు తూకంతో పనిలేదు, గింజలను చూస్తే చాలు. సముద్రజలంలోని కర్బనపు ఐసోటోపులను కొలవడంలోని కిటుకు ఇదే.

కర్బనపు పరమాణువులన్నీ ఒకే బరువు కలవి కావు. నూటికి సుమారు 98.9 పాళ్ళు ఆరు ప్రోటానులు, ఆరు న్యూట్రానులు గలవి, ఇవి కర్బనం-12. మిగిలిన 1.1 పాళ్ళలో ఒక న్యూట్రాను అదనంగా ఉంటుంది, అవి కర్బనం-13. ఈ బరువైన సోదరుని ఉనికిని 1929లో ఆర్థర్ కింగ్, రేమండ్ బర్జ్ అనేవారు వర్ణపటంలోని గీతలను బట్టి కనుగొన్నారు. పురాతన వస్తువుల వయస్సు కట్టడానికి వాడే కర్బనం-14 వేరు. అది కాలక్రమాన నశించేది, అత్యల్పంగా ఉండేది. కర్బనం-13 నశించదు, స్థిరమైనది. అందుచేతనే ఇది చేరిన చోట, చేరినంతా, ఎన్నేండ్లయినా అలాగే ఉంటుంది.

రసాయన స్వభావంలో ఈ సోదరులిద్దరూ ఒకటే. అయితే బరువు గలవాడు ఒక అడుగు వెనుక ఉంటాడు. చెట్టు ఆకు కిరణజన్య సంయోగక్రియ జరుపుకొనే వేళ తేలికైన కర్బనం-12 ముందుగా లోపలికి చేరుతుంది. రూబిస్కో అనే ఎంజైము దానినే ఇష్టపడి పట్టుకుంటుంది. కనుక వృక్షదేహాలలో కర్బనం-13 గాలిలో కంటె తక్కువ పాలు ఉంటుంది. 1939లో ఆల్ఫ్రెడ్ నీర్, గుల్‌బ్రాన్సెన్ అనేవారు సున్నపురాళ్ళను, మొక్కలను పోల్చిచూసి ప్రకృతిలో ఈ నిష్పత్తి ఒక్కతీరుగా ఉండదని తేల్చారు. అప్పటినుంచి ఈ చిన్న తేడా ఒక పెద్ద శాస్త్రశాఖకు బీజమైంది.

ఈ తేడాను చెప్పడానికి డెల్టా విలువ అనే కొలమానం ఉన్నది. ఒక ప్రామాణిక పదార్థంలోని నిష్పత్తికంటె పరీక్షించే వస్తువులో కర్బనం-13 వెయ్యింట ఎన్ని పాళ్ళు హెచ్చో తగ్గో ఈ విలువ తెలుపుతుంది. హెచ్చయితే ధనసంఖ్య, తగ్గయితే ఋణసంఖ్య. వరి, గోధుమ, కంది, మామిడి వంటి మొక్కల విలువ ఋణ 27 ప్రాంతంలో ఉంటుంది. జొన్న, సజ్జ, రాగి, మొక్కజొన్న, చెరకు మరొక పద్ధతిలో కర్బనాన్ని పట్టుకుంటాయి గనుక వాటి విలువ ఋణ 12, 13 వరకే దిగుతుంది. తిన్న తిండి గుర్తు శరీరంలో నిలుస్తుంది గనుక, మొక్కజొన్న మేసిన కోళ్ళు, పశువుల మాంసం ఎక్కువగా తినే అమెరికావాసుల తలవెంట్రుకలలో ఐరోపావాసుల వెంట్రుకలలో కంటె కర్బనం-13 కొంత హెచ్చు. అన్నం మాని అక్కడి తిండికి అలవాటుపడిన తెలుగువారి తలను పరీక్షిస్తే ఆ మార్పు కూడా బయటపడుతుంది!

నేలబొగ్గు, చమురు ఒకనాటి జీవరాశి అవశేషాలే. కనుక వాటి విలువ కూడా సగటున ఋణ 28 ప్రాంతంలో ఉన్నది. పారిశ్రామిక యుగానికి ముందు గాలి విలువ ఋణ 6.4, నేడు అది ఋణ 8.5 ప్రాంతానికి దిగింది. గాలిలోని కర్బనం తేలికవుతున్నదన్నమాట. అగ్నిపర్వతాలు వెలిగ్రక్కే వాయువు విలువ ఋణ 5 ప్రాంతంలో ఉంటుంది. అది కలిస్తే గాలి ఇంతగా తేలిక కాదు. పెరిగిన వాయువు ఎక్కడిదన్న వాదానికి ఇంతకంటె గట్టి సాక్ష్యం అక్కరలేదు. చెట్ల వార్షిక వలయాలలో కర్బనం-14 పలచబడుతున్నదని 1950 దశకంలో హాన్స్ సూస్ గుర్తించాడు. అదే విధంగా కర్బనం-13 తగ్గుదలకు కూడా ఆయన పేరే పెట్టి సూస్ ప్రభావం అని పిలుస్తున్నారు.

ఇప్పుడు సముద్రానికి వద్దాం. గాలి, నీరు సమతూకంలో ఉన్నప్పుడు నీటిలోని బైకార్బొనేటు బరువైన ఐసోటోపునే ఎక్కువగా ఉంచుకుంటుంది. ఇరవై డిగ్రీల సెల్సియస్ వద్ద ఈ తేడా సుమారు ఎనిమిది పాళ్ళు. నీరు చల్లబడిన కొద్దీ డిగ్రీకి పదింట ఒక పాలు చొప్పున పెరుగుతుంది. కాబట్టి గాలి విలువ ఋణసంఖ్య అయినా, సముద్రోపరితలపు విలువ ధన 1, 2 మధ్య ఉండటంలో ఆశ్చర్యం లేదు. వెలుతురు సోకే పైపొరలో వృక్షప్లవకాలు అనే కంటికి కనిపించని మొక్కలు తేలిక కర్బనాన్ని గ్రహిస్తాయి. అవి చచ్చి లోతుకు జారి అక్కడ కుళ్ళినప్పుడు ఆ తేలిక కర్బనం లోతునీటిలో కరుగుతుంది. అందువలన పైనీరు బరువుగాను, లోతునీరు తేలికగాను ఉంటాయి. ఉత్తర అట్లాంటిక్‌లో మునిగిన నీరు దక్షిణార్ధగోళం చుట్టి పసిఫిక్ అడుగున ఉత్తరానికి చేరేసరికి సుమారు వెయ్యేండ్లు గడుస్తాయి. దారిపొడుగునా దానిమీద కుళ్ళిన జీవరాశి రాలుతూనే ఉంటుంది. బయలుదేరినప్పుడు ధన 1 ప్రాంతంలో ఉన్న విలువ పసిఫిక్ చేరేసరికి సున్నకు, ఇంకా కిందికి దిగిపోతుంది. నీటి వయస్సు దాని ఐసోటోపులలో ఈ విధంగా లిఖించబడి ఉంటుంది.

ఈ సహజమైన చిత్రం మీద మానవుని చేతి గుర్తు ఎంత? ఉపరితలజలంలో దశాబ్దానికి వెయ్యింట 0.15 నుంచి 0.2 పాళ్ళ తగ్గుదల. ఇది ఎంత స్వల్పమో ఒక ఉదాహరణ వలన తెలుస్తుంది. ఒక గాదెలో కోటి బియ్యపు గింజలు ఉన్నాయనుకుందాం. వాటిలో బరువైన ఎర్ర గింజలు సుమారు లక్షా పదివేలు. పదేండ్లు గడిచిన తరువాత ఎర్ర గింజలు ఇరవై రెండు తగ్గాయి. ఈ ఇరవై రెండు గింజల తగ్గుదలను పట్టుకోవాలి. మంచి ప్రయోగశాలలు మూడు గింజల తేడా వరకు పట్టుకోగలుగుతున్నాయి.

దీనికి కావలసిన శ్రద్ధ ఓడమీదనే ఆరంభమవుతుంది. ఇరవై నాలుగో, ముప్పై ఆరో పెద్ద సీసాలను ఒక వలయంగా అమర్చి ఉక్కు తాడుతో సముద్రగర్భంలోకి దించుతారు. అయిదారు కిలోమీటర్ల లోతునుంచి పైకి తెచ్చేటప్పుడు కోరిన లోతువద్ద ఒక్కొక్క సీసా మూత పడేట్లు చేస్తారు. దించి తీయడానికే కొన్ని గంటలు పడుతుంది. ఓడపైకి వచ్చిన వెంటనే ఆ నీటిని సన్నని గొట్టం ద్వారా గాజుసీసా అడుగునుంచి నింపి, పొంగి పొరలనిస్తారు. ఒక్క గాలిబుడగ చేరినా గాలిలోని కర్బనం కలిసి లెక్క చెడుతుంది. నీటిలో కంటికి కనిపించని బాక్టీరియా ఉంటాయి. సీసాలోనే అవి ఊపిరి పీల్చి తేలిక కర్బనాన్ని విడుస్తాయి. అందుకని మెర్క్యూరిక్ క్లోరైడు అనే విషం కొన్ని చుక్కలు వేసి, గ్రీజు పూసిన గాజు బిరడా బిగిస్తారు. ఆ సీసా నెలల తరబడి ప్రయాణం చేసి ప్రయోగశాలకు చేరుతుంది.

అక్కడ ఆ నీటిలో ఫాస్ఫారిక్ ఆమ్లం కలుపుతారు. బైకార్బొనేటు, కార్బొనేటు అంతా బొగ్గుపులుసు వాయువుగా మారుతుంది. కర్బనం లేని వాయువును నీటిలోనుంచి బుడగలుగా పంపి, దానిని తరలించి, తేమను తొలగించి, మిగిలినదానిని ఋణ 196 డిగ్రీల వద్దనున్న ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టిస్తారు. ఈ పనిలో వాయువంతా రావాలి. తొంబది తొమ్మిది పాళ్ళు వస్తే చాలులే అనడానికి వీలులేదు. ఎందుకంటే ముందుగా బయటపడేదానికీ, చివర మిగిలిపోయేదానికీ ఐసోటోపు నిష్పత్తి ఒకటి కాదు.

తరువాతి మెట్టు మాస్ స్పెక్ట్రోమీటరు. వాయువు అణువులను ఎలక్ట్రానులతో కొట్టి విద్యుదావేశం కల్పించి ఒక అయస్కాంతం పక్కగా పంపుతారు. గాలివానలో బరువైన పక్షి తక్కువగా, తేలికైన పక్షి ఎక్కువగా పక్కకు కొట్టుకుపోయినట్లు ఈ అణువులు బరువును బట్టి వేరువేరు దారులలో వంగుతాయి. 44 బరువు గలవి ఒక గిన్నెలో, 45 బరువు గలవి వేరొక గిన్నెలో పడి విద్యుత్ప్రవాహాన్ని కలిగిస్తాయి. ఈ ప్రవాహాల నిష్పత్తే కావలసిన సమాధానం. 45 గిన్నెలో మరొక మాయ కూడా ఉన్నది: కర్బనం మామూలుదే అయినా ప్రాణవాయువు పరమాణువు ఒకటి 17 బరువుదైతే ఆ అణువు కూడా 45 తూగుతుంది. దీనిని లెక్కకట్టి తీసివేసే పద్ధతిని 1957లో హార్మన్ క్రెయిగ్ ఏర్పరచాడు. యంత్రం ఎంత మంచిదైనా గంట గంటకూ కొద్దిగా దారితప్పుతుంది. అందువలన పరీక్షించే వాయువును, తెలిసిన వాయువును ఒకదాని తరువాత ఒకటిగా మార్చి మార్చి పంపి పోలుస్తారు. ఇక్కడి రహస్యమంతా పోల్చడంలోనే ఉన్నది. పోలిక లేని సంఖ్యకు విలువ లేదు.

పోలికకు ఆధారమైన ప్రామాణిక పదార్థానికి ఒక చిత్రమైన చరిత్ర ఉన్నది. అమెరికాలోని సౌత్ కరొలైనా రాష్ట్రంలో పీడీ అనే శిలాస్తరంలో బెలెమ్నైటు అనే ప్రాణుల శిలాజాలు దొరుకుతాయి. ఇవి క్రెటేషియస్ యుగంలో, రాక్షసబల్లులు సంచరించిన కాలంలో, సముద్రంలో ఈదిన ప్రాణులు. చూడటానికి నేటి స్క్విడ్ వంటివి. షికాగోలో హెరాల్డ్ యూరీ బృందం అటువంటి శిలాజాన్ని పొడిచేసి దాని విలువను సున్న అనుకున్నది. ప్రపంచంలోని అందరి కొలతలకూ అదే మూలమైంది. కాని కొలతకు పొడి ఖర్చవుతుంది కదా! కొన్నేండ్లకు అది అయిపోయింది. తరువాత ఒక తెల్ల చలువరాతి పలకను పొడిచేసి, పాత శిలాజంతో పోల్చి దానికి ధన 1.95 అనే విలువ కట్టారు. వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఆ పొడి ఆధారంగా కొత్త కొలమానాన్ని నిలిపింది. ఆ పొడి కూడా అయిపోగా మరొకటి తయారుచేయవలసి వచ్చింది. భూమిమీద ఎక్కడ సముద్రజలాన్ని పరీక్షించినా, వచ్చిన సంఖ్యను ఇప్పుడు లేని ఆ శిలాజంతోనే పోల్చి చెబుతారు.

ఇంత శ్రమకు ఫలితం దక్కినది 1990 ప్రాంతంలో. అప్పటి వివాదం తెలుసుకోదగినది. 1980 దశకంలో ఇంధనాలనుంచి ఏటా సుమారు అయిదున్నర గిగాటన్నుల కర్బనం గాలిలో చేరేది. ఒక గిగాటన్ను వంద కోట్ల టన్నులు. గాలిలో నిలిచినది మూడు గిగాటన్నులకు కొంచెం పైన. సముద్రం సుమారు రెండు గిగాటన్నులు తీసుకుంటున్నదని ఎక్కువమంది అభిప్రాయం. 1990లో పీటర్ టాన్స్, ఐనెజ్ ఫుంగ్, టారో తకహాషి దీనిని ప్రశ్నించారు. ఉత్తరార్ధగోళపు గాలికీ దక్షిణార్ధగోళపు గాలికీ గల తేడాను, సముద్రోపరితలంలో వాయువు పీడనానికి సంబంధించిన కొలతలను జతచేసి, సముద్రం తీసుకునేది ఒక గిగాటన్ను లోపే ఉండాలని, మిగిలినదంతా ఉత్తర సమశీతోష్ణ మండలపు భూభాగమే తీసుకుంటున్నదని వాదించారు. వారు సామాన్యులు కారు. వారి లెక్క తేలికగా కొట్టివేయదగినదీ కాదు.

సియాటిల్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ క్వే, ఆయన సహచరులు బ్రాంటీ టిల్‌బ్రూక్, సి.ఎస్. వాంగ్ 1992లో ఐసోటోపుల సాక్ష్యాన్ని ముందుకు తెచ్చారు. వారి తర్కం ఇది. చెట్లు కర్బనాన్ని తీసుకునేటప్పుడు తేలికదానినే ఏరుకుంటాయి, గాలిని బరువుగా మిగులుస్తాయి. సముద్రం పెద్దగా ఏరుకోదు. దొరికినదానిని దాదాపు అదే నిష్పత్తిలో మింగుతుంది. కాబట్టి మొత్తం కర్బనపు లెక్క ఒక సమీకరణం, కర్బనం-13 లెక్క రెండవ సమీకరణం. తెలియని రాశులు రెండు, సముద్రపు వాటా, భూమి వాటా. రెండు సమీకరణాలను కలిపి సాధిస్తే రెండూ తేలాలి. దీనికి గాలిలోని విలువ ఒకటే చాలదు. గాలికీ సముద్రానికీ మధ్య ఏటా ఎనభై, తొంబది గిగాటన్నుల కర్బనం రాకపోకలు సాగిస్తూ ఉంటుంది. నికరంగా ఏమీ చేరకపోయినా ఈ రాకపోకలవలననే గాలిలోని తేలికదనం నీటిలోకి, నీటిలోని పాత బరువు గాలిలోకి మారుతూ ఉంటాయి. అందువలన సముద్రంలోనే ఎంత మార్పు జరిగిందో కొలిచి చూడాలి.

1970 ప్రాంతంలో పసిఫిక్‌లో చేసిన కొలతలను తమ కొత్త కొలతలతో వారు పోల్చారు. ఉపరితలపు విలువ ఇరవై ఏండ్లలో వెయ్యింట 0.4 పాళ్ళు దిగింది. ఈ తగ్గుదల ఎంత లోతుకు వ్యాపించినదో కూడా చూసి, ఏటా సముద్రం తీసుకున్నది సగటున 2.1 గిగాటన్నులని లెక్కకట్టారు. పర్యవసానంగా, ఆ ఇరవై ఏండ్లలో భూమిపైని జీవరాశి నికరంగా కర్బనాన్ని వదిలినదీ లేదు. అడవుల నరికివేత సాగుతూనే ఉన్నది గనుక, ఆ నష్టాన్ని మరెక్కడో పెరుగుతున్న చెట్లు పూడుస్తున్నాయన్నమాట. ఇరుపక్షాలకూ ఇందులో కొంత ఊరట ఉన్నది.

అయితే ఈ ఫలితాన్ని అందరూ వెంటనే ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడం న్యాయమే. కొన్ని చోట్ల చేసిన కొలతలను ప్రపంచ సముద్రాలన్నిటికీ విస్తరించడం సాహసం. పైగా 1970 నాటి యంత్రమూ, 1990 నాటి యంత్రమూ ఒకటి కావు. రెంటిమధ్య వెయ్యింట 0.1 పాళ్ళ పొరపాటున్నదంటే అది అయిదారేండ్ల మార్పుతో సమానం. 1972 నుంచి 1978 వరకు అట్లాంటిక్, పసిఫిక్, హిందూ మహాసముద్రాలలో సాగిన జియోసెక్స్ అనే మహాయాత్రల విలువలను తరువాతివారు తిరగతోడి సరిచూడవలసి వచ్చింది. చాలాకాలం కరిగియున్న కర్బనపు ఐసోటోపులకు అందరూ పంచుకునే ప్రామాణిక సముద్రజలమే లేకపోయింది. ఈ ఇబ్బందికి శాస్త్రజ్ఞులు కనుగొన్న ఉపాయం మెచ్చుకోదగినది. పసిఫిక్ లోతుల్లోని నీరు పారిశ్రామిక యుగానికి ముందే మునిగినది. అక్కడ పది, ఇరవై ఏండ్లలో ఏ మార్పూ రాకూడదు. ఒకేచోట వేరువేరు కాలాలలో తిరిగిన రెండు ఓడల లోతునీటి విలువలు కలియకపోతే ఆ తేడా సముద్రానిది కాదు, ప్రయోగశాలది. ఆ తేడాను లెక్కలోనుంచి తీసివేస్తే పైనీటిలోని నిజమైన మార్పు మిగులుతుంది.

1990 దశకంలోని వోస్ యాత్రలు, ఆ తరువాత అవే దారులలో సుమారు పదేండ్లకొకసారి తిరిగివెళ్తున్న గో-షిప్ యాత్రలు ఈ పటాన్ని చాలవరకు పూరించాయి. గాలిలో ప్రాణవాయువు తగ్గుదలను కొలిచే రాల్ఫ్ కీలింగ్ పద్ధతి కూడా పూర్తిగా వేరైన దారిలో వచ్చి సముద్రానికి రెండు గిగాటన్నుల ప్రాంతపు వాటానే చూపింది. రాల్ఫ్ మౌనా లోవా కీలింగ్ గారి కుమారుడు కావడం ఒక ముచ్చట. 1994, 2007 సంవత్సరాల మధ్య సముద్రంలో చేరిన మానవ కర్బనం 34 గిగాటన్నులని, అనగా ఏటా 2.6 చొప్పున అని, 2019లో నికొలస్ గ్రూబర్ బృందం ప్రకటించింది.

ఐసోటోపులు మొత్తం కర్బనం వెళ్ళినచోటికల్లా అంతే వేగంగా వెళ్ళవు. ఇది తెలియకపోతే పటం చూసినవారు పొరబడతారు. సముద్రపు పైపొర గాలితో వాయుపీడనాన్ని సరిచేసుకోవడానికి సుమారు ఒక సంవత్సరం చాలు. ఐసోటోపులు సరిపడటానికి పదేండ్లు పడుతుంది. మొదటిదానికి కొద్దిపాటి వాయువు చేరితే సరి. రెండవదానికి నీటిలోని బైకార్బొనేటు కర్బనమంతా గాలి కర్బనంతో ఒకటొకటిగా స్థానాలు మార్చుకోవాలి. అంటార్కిటికా చుట్టూ లోతునుంచి పైకి వచ్చే నీరు అంతకాలం పైన నిలవదు, త్వరలోనే మళ్ళీ మునుగుతుంది. కనుక దక్షిణ మహాసముద్రం మానవ కర్బనాన్ని బాగానే మింగుతున్నా అక్కడ సూస్ ప్రభావం స్వల్పంగా కనిపిస్తుంది. ఉష్ణమండలానికి అటూ ఇటూ సుడులు తిరుగుతూ ఏండ్ల తరబడి పైననే ఉండే నీటిలో అది బాగా కనిపిస్తుంది.

ఓడలు తిరగని కాలానికి కూడా సాక్షులు లేకపోలేదు. జమైకా తీరంలో సున్నపు అస్థిపంజరం కట్టుకునే ఒకరకం స్పంజికలు శతాబ్దాలపాటు బ్రతుకుతాయి. ఏటా అవి కట్టుకునే పలుచని పొరలో ఆనాటి నీటి నిష్పత్తి నిలిచిపోతుంది. ఆ పొరలను గీకి పరీక్షిస్తే వందల ఏండ్లపాటు దాదాపు నిలకడగా ఉన్న విలువ పందొమ్మిదవ శతాబ్దంనుంచి దిగజారడం, ఇరవయ్యవ శతాబ్దంలో ఆ దిగుడు మరింత వేగం పుంజుకోవడం కనిపిస్తాయి. ఆవిరియంత్రాల చరిత్రను ఒక స్పంజిక వ్రాసిపెట్టుకున్నది.

టాన్స్, క్వే బృందాల లెక్కల మధ్యనున్న వ్యత్యాసం ఏమైనదన్న సందేహం పాఠకులకు మిగిలే ఉండవచ్చు. 1992లో సార్మియెంటో, సండ్‌క్విస్ట్ అనేవారు దానికి చాలావరకు సమాధానం చెప్పారు. వారు చెప్పిన కారణాలలో ముఖ్యమైనవి నదులు. నదులు ఏటా అర గిగాటన్నుకు అటూ ఇటూగా భూమి కర్బనాన్ని సముద్రానికి చేరుస్తాయి. అందులో చాలభాగం అక్కడ తిరిగి వాయువై గాలిలో కలుస్తుంది. సముద్రోపరితలపు వాయుపీడనాన్ని మాత్రమే కొలిచేవారికి ఈ తిరుగు ప్రవాహం కూడా కలిసి కనిపిస్తుంది గనుక, సముద్రం మింగుతున్నది అసలుకంటె తక్కువగా తోస్తుంది.

నదీముఖాల ఊసు వచ్చినప్పుడు గోదావరి తప్పక తలపుకు వస్తుంది. గౌతమీ గోదావరి ముఖద్వారాన్ని, కాకినాడ సమీపంలోని మడ అడవులను ఐరోపా శాస్త్రజ్ఞుల బృందమొకటి వానలకు ముందరి ఋతువులో పరిశీలించి 2003లో ఫలితాలను ప్రచురించింది. ఆటుపోట్లకు నీరు ఎక్కిదిగే మడ అడవుల కాలువలలో కరిగియున్న కర్బనం గౌతమి ప్రధాన ప్రవాహంలో కంటె చాలా హెచ్చుగా ఉన్నదని, దానిలో కర్బనం-13 పాలు తక్కువని వారు కనుగొన్నారు. కర్బనం పెరిగిన కొద్దీ డెల్టా విలువ దిగిపోవడం చూసి, అది అక్కడి ఆకులూ అలములూ బురదలో కుళ్ళగా పుట్టినదేనని నిర్ధారించారు. ఆ కాలువల నీటిలో బొగ్గుపులుసు వాయువు పీడనం గాలిలో కంటె మూడు రెట్లకు పైగా ఉన్నది. కొన్నిచోట్ల పదిహేను రెట్లు కూడా దాటింది. కనుక ఆ నీరు వాయువును గాలిలోకి వదలవలసిందే. ప్రధాన ప్రవాహంలోనూ కర్బనం పుడుతున్న జాడ కనిపించింది. కాని నమూనాలు తీసిన రెండు సంవత్సరాలలోనూ ఋతువు ఒకటే అయినా, ఆ కర్బనపు ఐసోటోపు గుర్తు మాత్రం ఒక ఏడాదికీ మరొక ఏడాదికీ కలియలేదు.